నాన్నకి హెపటైటిస్ సి తగ్గింది, కొలెస్ట్రాల్ మాత్రం ఎగబాకింది. మాత్రల వల్లేనా?

విభాగం: ఆరోగ్యం » కాలేయం, జీర్ణకోశం

సాగరతీరం:
అందరికీ నమస్కారం. మాది కాకినాడ దగ్గర. నాన్నగారికి 64 ఏళ్లు. శుక్లం ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షలో హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్) పాజిటివ్ అని వచ్చింది. అప్పటిదాకా ఆయనకి కామెర్లు రాలేదు, కడుపునొప్పి కూడా ఎరగరు. 1990ల్లో ఒక యాక్సిడెంట్ తర్వాత రక్తం ఎక్కించారు, అక్కడే అంటుకుని ఉంటుందని డాక్టరుగారి అంచనా. వైరస్ రకం జీనోటైప్ 3. సిరోసిస్ (లివర్ మచ్చకట్టి గట్టిపడటం) లేదు. సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ అనే వైరస్ మాత్రలు 12 వారాలు వాడారు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే ఇచ్చారు. కోర్సు అయిపోయిన 12 వారాలకి చేసిన ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరస్ లేదని వచ్చింది. ఇంతవరకు సంతోషమే.

ఇప్పుడు టెన్షన్ ఏంటంటే, మందులు మొదలుపెట్టక ముందు ఆయన ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 58. మొత్తం కొలెస్ట్రాల్ 120 లోపే. ఈ వయసులో ఇంత తక్కువ ఉండటం అదృష్టమని ఇంట్లో అందరం మురిసిపోయాం. మొన్న చేయిస్తే ఎల్‌డీఎల్ 139! తిండి మారలేదు, బరువు మారలేదు. ఇంకో విచిత్రం, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 నుంచి గ్రేడ్ 1కి తగ్గింది. లివర్‌లో కొవ్వు తగ్గి రక్తంలో పెరగడం ఏం లెక్క? మా బావగారేమో "ఆ మాత్రలు లివర్‌ని పాడుచేశాయి" అని నాన్నని భయపెడుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

పండుమిరప:
ఒక మందు అమ్మి, దాంతో ఇంకో మందుకి గిరాకీ తెచ్చుకోవడం కంపెనీలకు కొత్తా? వైరస్ మాత్ర అయింది, ఇక జీవితాంతం కొలెస్ట్రాల్ మాత్ర. మీ బావగారు చెప్పింది కొట్టిపారేయకండి.

లివర్‌వార్డు:
సాగరతీరం గారూ, మాత్రలు లివర్‌ని పాడుచేయలేదు. పాడుచేసి ఉంటే ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బని చూపించే రక్తపరీక్ష) పెరగాలి, ఫ్యాటీ లివర్ తగ్గకూడదు. మీ నాన్నగారి స్కానింగ్‌లో కనిపించింది దానికి ఉల్టా.

హెపటైటిస్ సి ఉన్నన్నాళ్లూ చాలామందిలో కొలెస్ట్రాల్ తక్కువగా కనిపిస్తుంది, జీనోటైప్ 3 అయితే మరీ తక్కువ. వైరస్ పోగానే పెరుగుతుంది. చికిత్స మొదలైన కొద్ది వారాల్లోనే ఎల్‌డీఎల్ పైకి లేవడం మా ఓపీలో మామూలుగా చూస్తాం. 139 ఆయన అసలు కొలెస్ట్రాల్. 58 వైరస్ చూపించిన అంకె.

పండుమిరప అన్నా, ఈ మాత్రలు రాకముందు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఉండేవి. వాటితో నయమైనవాళ్లలోనూ ఎల్‌డీఎల్ ఇలాగే పెరిగింది. నయం కానివాళ్లలో పెరగలేదు, పెరిగినా నిలవలేదు. మందు ఏదైనా సరే, వైరస్ పోతేనే పెరుగుతోందంటే దేని మీద అనుమానం పెట్టుకోవాలో మీరే చెప్పండి.

డ్యూటీలో ఉన్నాను, ఎందుకు అనేది వివరంగా రాయలేను. పాతమైక్రోస్కోప్ మేడమ్ ఈ వైరస్ మీదే పనిచేశారు, ఆమె వస్తే బాగుంటుంది.

పాతమైక్రోస్కోప్:
పిలిచారు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ముందు లివర్ సంగతి. మనం తిన్నది, లివర్ తనే తయారుచేసుకున్నది కలిపి అక్కడ కొవ్వు చేరుతుంది. కొంత కొవ్వు కణం లోపలే చిన్న బొట్లుగా దాచుకుంటుంది. మిగిలింది ఒంట్లో మిగతా భాగాలకు పంపాలి. కొవ్వు రక్తంలో కరగదు కాబట్టి అపోబీ అనే ప్రొటీన్ చుట్టూ దాన్ని నింపి వీఎల్‌డీఎల్ అనే పొట్లాలుగా రక్తంలోకి వదులుతుంది. ఆ నింపే పని ఎంటీపీ అనే మరో ప్రొటీన్‌ది. ఈ పొట్లాల్లోని ట్రైగ్లిజరైడ్‌ని కండరాలు, కొవ్వు కణాలు వాడుకోగా మిగిలేదే మీ రిపోర్టులో కనిపించే ఎల్‌డీఎల్.

హెపటైటిస్ సి వైరస్ తన బతుకంతా ఈ వ్యవస్థ మీదే కట్టుకుంది. దాని జన్యుపదార్థం చాలా చిన్నది, దాదాపు 9,600 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ. అందులోంచి వచ్చేవి మొత్తం 10 ప్రొటీన్లు. ఇంత తక్కువ సామానుతో వచ్చింది కాబట్టి మిగతాదంతా కణం నుంచే లాక్కోవాలి. అది లాక్కునేవాటిలో ముఖ్యమైనది కొవ్వు.

వైరస్ లోపలి గుల్లని కట్టే కోర్ ప్రొటీన్ తయారవగానే వెళ్లి ఆ కొవ్వు బొట్ల మీద కూర్చుంటుంది. అలా కూర్చోబెట్టేది డీజీఏటీ1 అనే ఎంజైము. అసలు దాని పని ట్రైగ్లిజరైడ్ తయారుచేయడం. 2010లో అమెరికాలో ఒక బృందం ఈ ఎంజైముని అడ్డుకుని చూస్తే, కణంలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ తయారవుతూనే ఉంది, బయటికి వచ్చే కొత్త వైరస్‌లు మాత్రం బాగా పడిపోయాయి. అంటే కొవ్వు బొట్టు ఈ వైరస్‌కి గోడౌన్ మాత్రమే కాదు, అసెంబ్లీ షెడ్డు కూడా. 2007లోనే జపాన్ పరిశోధకులు ఈ మాట చెప్పారు. అప్పట్లో కొవ్వు బొట్టుని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు, కణంలో ఊరికే పడి ఉండే నిల్వ అనుకునేవారు.

తయారైన వైరస్ బయటికి వెళ్లేటప్పుడు కూడా ఒంటరిగా వెళ్లదు. లివర్ పంపే వీఎల్‌డీఎల్ సరుకు లారీకి వేలాడుతూ వెళ్తుంది. అపోఈ, అపోబీ ప్రొటీన్లు, కొలెస్ట్రాల్ దానికి అతుక్కుని ఉంటాయి. వైరస్ ఎక్కడ ఆగిందో, వీఎల్‌డీఎల్ ఎక్కడ మొదలైందో చెప్పలేని ఈ కలగాపులగాన్ని లైపోవైరల్ పార్టికల్ అంటారు. రోగి రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మామూలు వైరస్‌ల కంటే చాలా పైన, తేలిక పొరల్లో ఇది తేలుతుంది. అలా తేలేదానికే అంటించే శక్తి ఎక్కువ. 1990ల మొదట్లో జర్మనీలో దీన్ని గమనించినప్పుడు ఏదో ప్రయోగంలో కల్తీ అనుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇక లివర్‌లో కొవ్వు తగ్గి రక్తంలో ఎందుకు పెరిగిందంటే, కోర్ ప్రొటీన్ ఎంటీపీ పనిని తగ్గిస్తుంది. పొట్లాలు సరిగ్గా కట్టలేకపోతే రక్తంలోకి వెళ్లాల్సిన కొవ్వు లివర్‌లోనే ఉండిపోతుంది. దానికి తోడు కొత్త కొవ్వు తయారీని ఎగదోస్తుంది, దాచిన కొవ్వు బొట్లు కరగకుండా ఆపుతుంది. ఫలితం ఏంటి? లివర్ నిండా కొవ్వు, రక్తంలో కొలెస్ట్రాల్ తక్కువ. మీ నాన్నగారి పాత రిపోర్టు అచ్చంగా ఇదే. వైరస్ పోయాక లివర్ తన సరుకు తను మళ్లీ పంపించడం మొదలుపెట్టింది. రెండు అంకెలూ తిరగబడ్డాయి.

సాగరతీరం:
మేడమ్, బావగారికి ఇది చదివి వినిపించాను. "మరి జీనోటైప్ 3 అయితేనే ఎందుకు మరీ తక్కువ" అని ఎదురు ప్రశ్న వేశారు. మొత్తానికి ఆసక్తి పుట్టింది, అదే పదివేలు.

పాతమైక్రోస్కోప్:
మంచి ప్రశ్న అడిగారు, ఆయన్నీ సభ్యుడిగా చేర్పించండి.

అన్ని జీనోటైపుల్లోనూ ఫ్యాటీ లివర్ కనిపిస్తుంది, కానీ కారణం ఒకటే కాదు. అమెరికా, యూరప్‌లలో ఎక్కువగా ఉండే జీనోటైప్ 1లో కొవ్వు ఎంత ఉందనేది ఆ మనిషి బరువు, నడుం చుట్టుకొలత, షుగర్ మీద ఆధారపడుతుంది. సన్నగా ఉన్నవాళ్లలో తక్కువే ఉంటుంది. జీనోటైప్ 3లో అలా కాదు. వైరల్ లోడ్ ఎంత ఎక్కువైతే లివర్‌లో కొవ్వు అంత ఎక్కువ. సన్నటి మనిషికీ, మద్యం ముట్టని మనిషికీ వస్తుంది. వైరస్ పోతే కొవ్వు పోతుంది, వైరస్ తిరగబెడితే కొవ్వూ తిరిగొస్తుంది. అందుకే దీన్ని వైరల్ స్టీటోసిస్ అని విడిగా చెబుతారు.

ప్రయోగశాలలో జీనోటైప్ 3 కోర్ ప్రొటీన్ ఒక్కదాన్నే కణాల్లో పెట్టినా, జీనోటైప్ 1 కోర్ కంటే ఎక్కువ కొవ్వు పోగుచేసింది. ఆ ప్రొటీన్‌లో 164వ స్థానంలో ఉండే అమైనో ఆమ్లం మిగతా రకాల్లో ఒకటి, దీంట్లో మరొకటి. కారణంలో కనీసం కొంత భాగం అక్కడే ఉందని తేల్చారు. అలాగని అంతా ఆ ఒక్క అక్షరం మీదే నెట్టేయలేం.

మన దేశంలో ఎక్కువగా కనిపించేది జీనోటైప్ 3 కాబట్టి ఈ గొడవ మనకి పాశ్చాత్య దేశాల పాఠ్యపుస్తకాల్లో ఉన్నదానికంటే దగ్గరి విషయం. అల్ట్రాసౌండ్‌లో ఫ్యాటీ లివర్ అనగానే "నూనె తగ్గించండి, నడవండి" అని పంపేస్తుంటారు కదా. కొవ్వు ఉండి కొలెస్ట్రాల్ మాత్రం అనుమానాస్పదంగా తక్కువ ఉంటే, ఒక్కసారి హెచ్‌సీవీ యాంటీబాడీ పరీక్ష రాయొచ్చు. చవకైన పరీక్షే.

లివర్‌వార్డు:
ఆఖరి పేరాకి +1. కొలెస్ట్రాల్ 110 చూసి శభాష్ అనే ముందు ఒకసారి ఆగాలి. థైరాయిడ్ ఎక్కువైనా, సరిగ్గా తినకపోయినా, లివర్ బాగా దెబ్బతిన్నా కూడా తగ్గుతుంది.

నల్లేరు:
అందరికీ వందనాలు. మా పెద్దలు కామెర్లు వస్తే నూనె, నెయ్యి, వేపుళ్లు మాన్పించి చప్పిడి పత్యం పెట్టేవారు. ఇప్పుడు సైన్సు కూడా వైరస్ కొవ్వు మీదే బతుకుతుందని చెబుతోంది. మరి పత్యమే కదా అసలు మందు? నూనె ఆపేస్తే వైరస్‌కి ఆధారం పోతుంది. దీన్ని ఎవరూ ఎందుకు చెప్పరు?

పండుమిరప:
అదీ అడగండి. నూనె మానేయమంటే ఎవడికీ రూపాయి రాదు.

పాతమైక్రోస్కోప్:
నల్లేరు గారూ, వినడానికి బాగుంది, కానీ లివర్ అలా పనిచేయదు. మీరు ఒక్క చుక్క నూనె తినకపోయినా, అన్నంలోని పిండిపదార్థం నుంచి లివర్ కొవ్వు తయారుచేసుకోగలదు. కొలెస్ట్రాల్ అయితే ఒంట్లో తయారయ్యేదే ఎక్కువ. వైరస్‌కి కావాల్సింది కంచంలోని నెయ్యి కాదు, కణం లోపలి కొవ్వు యంత్రాంగం. పత్యం దాన్ని ఆపలేదు.

ఇంకో మెలిక ఉంది. అన్ని కొవ్వులూ ఈ వైరస్‌కి చుట్టాలు కావు. ల్యాబ్‌లో కణాలకి ఒలీయిక్ ఆమ్లం లాంటివి ఇస్తే వైరస్ పెరిగింది, అరాకిడోనిక్ ఆమ్లం లాంటి బహుళ అసంతృప్త కొవ్వులు ఇస్తే తగ్గింది. ఎందుకంటే ఆ రెండో రకం కొవ్వులు తేలిగ్గా ఆక్సీకరణం చెందుతాయి. రోగుల నుంచి తీసిన చాలా రకాల వైరస్‌లు ఆ దెబ్బకి తట్టుకోలేవు.

దీని వెనక పెద్ద కథే ఉంది. 1989లో వైరస్‌ని కనిపెట్టాక ఏళ్ల తరబడి ఎవరూ దాన్ని గాజు పాత్రలో పెంచలేకపోయారు. 2005లో జపాన్‌లో ఒక రోగి నుంచి తీసిన జేఎఫ్‌హెచ్-1 అనే రకం మాత్రం పెరిగింది. అదొక్కటే ఎందుకు? తర్వాత తెలిసింది, కొవ్వు ఆక్సీకరణ దానికి లెక్కలేదు. 2015లో చార్లెస్ రైస్ ప్రయోగశాల ఎస్ఈసీ14ఎల్2 అనే మానవ ప్రొటీన్‌ని కణాల్లో పెడితే, మొండికేసిన రోగుల వైరస్‌లు కూడా పెరగడం మొదలుపెట్టాయి. ఆ ప్రొటీన్ విటమిన్ ఈ సాయంతో కొవ్వు ఆక్సీకరణని అడ్డుకుంటుంది. 2020లో హార్వీ ఆల్టర్, మైకేల్ హౌటన్‌లతో పాటు నోబెల్ అందుకున్నది ఈ రైసే, అయితే అది ఇంతకు ముందు పనికి.

దీన్ని పట్టుకుని "విటమిన్ ఈ మానేయాలా, చేపనూనె తాగాలా" అని దయచేసి అడగకండి. గాజు పాత్రలో జరిగింది మనిషి లివర్‌లో చికిత్సగా నిలబడలేదు.

లివర్‌వార్డు:
పత్యం గురించి నాకు కోపం ఉంది, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నా. సిరోసిస్ వచ్చిన మనిషికి చప్పిడి గంజి మాత్రమే పెడితే కండ కరిగిపోతుంది. మేం వాళ్లకి ప్రొటీన్ ఎక్కువ తినమని, రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినమని చెబుతాం. మా వార్డుకి వచ్చేసరికి కొందరు నెలల తరబడి గుడ్డు, పప్పు మానేసి ఉంటారు, బొక్కల మీద తోలు తప్ప ఏమీ మిగలదు. ఉప్పు తగ్గించమనేది పొట్టలో నీరు చేరినవాళ్లకి. అందరికీ కాదు.

పసరు మందు సంగతి కూడా. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవారిలో లివర్ దెబ్బతిన్న కేసులు ప్రచురించారు. ఆకు అయినంత మాత్రాన మంచిదే అనుకోవద్దు. నల్లేరు గారూ, మిమ్మల్ని అనడం లేదు, మీ పోస్టు చూసి ఎవరైనా మాత్రలు ఆపేస్తారేమో అని భయం.

నల్లేరు:
మాత్రలు ఆపమని నేను అనలేదు డాక్టరు గారూ. మా నాన్నమ్మ పత్యంతో పచ్చకామెర్లు తగ్గడం కళ్లారా చూశాను, అదే రాశాను.

లివర్‌వార్డు:
చూసే ఉంటారు. పిల్లల్లో, ఊళ్లలో వచ్చే కామెర్లు చాలావరకు హెపటైటిస్ ఏ, ఈ. నీళ్ల ద్వారా, తిండి ద్వారా వస్తాయి. పత్యం చేసినా చేయకపోయినా చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. సి అలా కాదు. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఏళ్లకేళ్లు చడీచప్పుడు లేకుండా ఉండిపోతుంది, కామెర్లు కూడా కనిపించవు.

డయాలసిస్_డైరీ:
నాది కొంచెం వేరే కేసు. కిడ్నీ పేషెంట్‌ని, హైదరాబాద్. డయాలసిస్‌లో ఉండగా హెచ్‌సీవీ అంటుకుంది. చికిత్స అయింది, నెగటివ్. కొలెస్ట్రాల్ తగ్గించే ఎజెటిమైబ్ అనే మాత్ర ఈ వైరస్‌ని కూడా ఆపుతుందని ఎక్కడో చదివాను. నిజమేనా? మళ్లీ అంటుకోకుండా ముందుజాగ్రత్తగా వేసుకోవచ్చా?

పాతమైక్రోస్కోప్:
సగం నిజం. ఈ వైరస్ లివర్ కణంలోకి దూరడానికి ఒక్క తలుపు కాదు, వరసగా చాలా తలుపులు కావాలి. వాటిలో మూడు కొవ్వు రవాణాకి సంబంధించినవే. ఎల్‌డీఎల్‌ని పట్టుకునే రిసెప్టర్, హెచ్‌డీఎల్‌ని పట్టుకునే ఎస్ఆర్-బీ1, కొలెస్ట్రాల్‌ని లోపలికి లాగే ఎన్‌పీసీ1ఎల్1. తర్వాత సీడీ81, క్లాడిన్-1, ఆక్లుడిన్ వస్తాయి. ఒంటినిండా కొవ్వు పూసుకుని వచ్చింది కాబట్టి కొవ్వు కోసం తెరిచే తలుపులు దానికీ తెరుచుకుంటాయి.

ఎజెటిమైబ్ అడ్డుకునేది ఎన్‌పీసీ1ఎల్1ని. ఇది పేగులో కొలెస్ట్రాల్‌ని పీల్చుకునే ప్రొటీన్, మనుషుల్లో లివర్ కణాల మీద కూడా ఉంటుంది. 2012లో మనిషి లివర్ కణాలు అమర్చిన ఎలుకలకి ముందుగా ఈ మందు ఇస్తే ఇన్ఫెక్షన్ రావడం ఆలస్యమైంది. ఆపలేదు, ఆలస్యమైంది.

మీకు నచ్చే సంగతి ఒకటి ఉంది. కెనడాలో టొరంటో డాక్టర్లు హెచ్‌సీవీ ఉన్న దాతల అవయవాలను వైరస్ లేనివారికి అమర్చినప్పుడు, ఆపరేషన్‌కి కాస్త ముందు మొదలుపెట్టి తర్వాత ఒక వారం వరకు వైరస్ మాత్రలతో పాటు ఎజెటిమైబ్ కూడా ఇచ్చారు. మామూలుగా వారాల తరబడి వాడాల్సింది అంత చిన్న కోర్సుతో సరిపోయింది. 2020లో ప్రచురించారు. అందులో ఎజెటిమైబ్ వాటా ఎంత, అసలు మాత్రల వాటా ఎంత అంటే నేను మాత్రలకే ఎక్కువ మార్కులు వేస్తాను. మీరు రోజూ వేసుకోవడానికి ఇది ఆధారం కాదు.

లివర్‌వార్డు:
డయాలసిస్_డైరీ గారూ, మీకు రక్షణ ఎజెటిమైబ్ కాదు, మీ సెంటర్‌లో శుభ్రత. గ్లౌజులు ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి మారేటప్పుడు మారుస్తున్నారా, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వయల్ ఒక్కటే అందరికీ వాడుతున్నారా, చూసుకుని అడగండి. ఒకసారి నయమైతే మళ్లీ రాదనే గ్యారంటీ లేదు. మీకు యాంటీబాడీ ఎప్పుడూ పాజిటివే వస్తుంది కాబట్టి తనిఖీ ఆర్‌ఎన్‌ఏ పరీక్షతోనే.

మాత్రలమల్లన్న:
మెడికల్ షాపు నడుపుతాను. ఈ టాపిక్ చదివేవాళ్లలో ఇంకా కోర్సు నడుస్తున్నవాళ్లు ఉంటే, కొలెస్ట్రాల్ మాత్రల విషయం జాగ్రత్త. డక్లాటాస్‌విర్, అలాంటిదే ఇంకో వైరస్ మందు వెల్‌పటాస్‌విర్ రెండూ రక్తంలో రోసువాస్టాటిన్ మోతాదుని పెంచుతాయి. వెల్‌పటాస్‌విర్‌తో రోసువాస్టాటిన్ రోజుకి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. అటోర్వాస్టాటిన్ కూడా పెరుగుతుంది, కండరాల నొప్పులు వస్తే డాక్టర్‌కి చెప్పాలి. గుండె లయ కోసం అమియోడరోన్ వాడేవాళ్లు సోఫోస్‌బువిర్ మొదలుపెట్టే ముందు తప్పకుండా చెప్పాలి, గుండె వేగం ప్రమాదకరంగా పడిపోయిన కేసులు ఉన్నాయి.

గ్యాస్ మాత్ర సంగతి ఎవరూ చెప్పరు. ఒమెప్రజోల్ లాంటివి వేసుకుంటే వెల్‌పటాస్‌విర్ ఒంటికి సరిగ్గా పట్టదు. మన జనాలు పాంటాప్ పొద్దున్నే అలవాటుగా వేసుకుంటారు కదా, అడిగితే "అది మందు కాదు సార్, గ్యాస్‌కి" అంటారు.

కోర్సు పూర్తయిన సాగరతీరం గారి నాన్నగారికి ఇప్పుడు ఈ ఇబ్బందులేవీ లేవు.

పండుమిరప:
సరే మల్లన్నా, నువ్వు షాపు మనిషివి కాబట్టి అడుగుతున్నా. ఈ సోఫోస్‌బువిర్ అమెరికాలో మాత్ర 1,000 డాలర్లకు అమ్మలేదా? అలాంటి కంపెనీలను నమ్మమంటే ఎలా?

మాత్రలమల్లన్న:
అమ్మారు. 2013 డిసెంబర్‌లో అనుమతి వచ్చినప్పుడు 12 వారాల కోర్సు 84,000 డాలర్లు. నీ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ తర్వాతి కథలో మన హైదరాబాద్ ఉంది. ఆ పేటెంట్ మీద ఇక్కడ అభ్యంతరం వేసినవాళ్లలో నాట్కో ఒకటి. 2015 జనవరిలో పేటెంట్ కార్యాలయం దరఖాస్తుని తిరస్కరించింది. ఆ ఏడాదే నాట్కో, ఈ మందు పేటెంట్ అడిగిన అమెరికా కంపెనీ గిలియడ్‌తో లైసెన్సు ఒప్పందం చేసుకుంది. హెటెరో అంతకు ముందే 2014లో లైసెన్సు తీసుకున్న కంపెనీల్లో ఉంది. 2016లో పేటెంట్ ఇచ్చారు, కానీ అప్పటికే జెనెరిక్‌లు మార్కెట్లో ఉన్నాయి, ధర నేలకి దిగింది. 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక అదే మాత్ర ఉచితం. సాగరతీరం గారి నాన్నగారు వేసుకున్నది అదే.

పండుమిరప:
ఉచితంగా ఇచ్చే మాత్రతో కుట్ర చేయడం కష్టమే. కొలెస్ట్రాల్ మాత్ర మీద నా అనుమానం మాత్రం అలాగే ఉంది.

పాతమైక్రోస్కోప్:
ఆ అనుమానానికి ఒక ఆసక్తికరమైన సమాధానం. స్టాటిన్లు (అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్రలు) ఈ వైరస్‌ని కూడా కాస్త దెబ్బతీస్తాయి. కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే మధ్యలో ఇంకో కొవ్వు ముక్క తయారవుతుంది, వైరస్ తన ఆర్‌ఎన్‌ఏ కాపీలు తీయడానికి ఆ ముక్క అతికిన ఒక మానవ ప్రొటీన్ కావాలి. స్టాటిన్ ఆ దారిని మొదట్లోనే మూసేస్తుంది. గాజు పాత్రలో బాగా పనిచేసింది. రోగులకి ఇస్తే అటోర్వాస్టాటిన్‌తో ఏమీ కాలేదు, ఫ్లువాస్టాటిన్‌తో ఏదో నామమాత్రం. కంపెనీల కుట్రే అయితే స్టాటిన్‌ని హెపటైటిస్ మందుగా అమ్ముకునేవారు కదా!

మైక్రోఆర్‌ఎన్‌ఏ-122 కూడా ఇలాంటిదే. లివర్‌లో మాత్రమే దండిగా ఉండే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క అది. లివర్ కొలెస్ట్రాల్ పనుల్లో దానికి చెయ్యి ఉంది, వైరస్ తన ఆర్‌ఎన్‌ఏకి రక్షణగా దాన్నే అతికించుకుంటుంది. చింపాంజీల్లో దాన్ని అడ్డుకుంటే వైరస్ తగ్గింది, కొలెస్ట్రాల్ కూడా తగ్గింది. ఒకే దారంతో రెండూ కుట్టి ఉన్నాయన్నమాట.

మీ నాన్నగారు వేసుకున్న డక్లాటాస్‌విర్ కూడా ఒక రకంగా కొవ్వు కథలోదే సాగరతీరం గారూ. వైరస్ కణంలో పొరలు పొరలుగా కొవ్వు తిత్తులు అల్లుకుని వాటి చాటున కాపీలు తీసుకుంటుంది. ఆ అల్లికకి కావాల్సిన ఎన్‌ఎస్5ఏ ప్రొటీన్‌ని ఈ మందు పట్టేస్తుంది, కొత్త తిత్తులు తయారుకావు. సోఫోస్‌బువిర్ నేరుగా కాపీ తీసే ఎంజైముని ఆపుతుంది.

డయాలసిస్_డైరీ:
ఇంత తెలిసీ టీకా ఎందుకు రాలేదు మేడమ్? హెపటైటిస్ బికి ఉంది కదా.

పాతమైక్రోస్కోప్:
వైరస్ రూపం అదేపనిగా మార్చుకోవడం మొదటి కారణం. ఒకే మనిషి ఒంట్లో కూడా కాస్త కాస్త తేడాలున్న చాలా రకాలు తిరుగుతుంటాయి. కొవ్వుది రెండో కారణం. యాంటీబాడీ పట్టుకోవాల్సిన, వైరస్ పైతొడుగులోని ఈ1, ఈ2 ప్రొటీన్ల మీద అపోఈ, కొలెస్ట్రాల్ కప్పుకుని ఉంటే మన రోగనిరోధక వ్యవస్థకి అది మన సొంత లైపోప్రొటీన్‌లా కనిపిస్తుంది. సొంత ఎల్‌డీఎల్ మీద దాడి చేసే యాంటీబాడీలు మనకి అక్కర్లేదు కదా. చికిత్స ఇంత బాగా వచ్చాక టీకాకి డబ్బు పెట్టే ఉత్సాహం తగ్గింది, నా దృష్టిలో అది పొరపాటే. మాత్ర వేసుకుని నయమైన మనిషికి మళ్లీ అంటుకోవచ్చని పైన లివర్‌వార్డు గారు రాశారు, మాత్రతో ఆ సమస్య తీరదు.

సాగరతీరం:
అందరికీ ధన్యవాదాలు. బావగారు ఇప్పుడు "వైరస్ పోయింది కాబట్టి కొలెస్ట్రాల్ పెరగడం మంచిదే, మందేమీ వద్దు" అనే వాదనకి మారారు! లివర్‌వార్డు గారూ, ఇంతకీ 139ని ఏం చేయాలి? నాన్నకి బీపీ ఉంది, షుగర్ బోర్డర్‌లో ఉంది. సిగరెట్ పదేళ్ల కిందటే మానేశారు.

లివర్‌వార్డు:
బావగారికి చెప్పండి, పెరగడానికి కారణం మంచిదే, కానీ పెరిగిన ఎల్‌డీఎల్ గుండె రక్తనాళాలకి అందరి ఎల్‌డీఎల్ లాంటిదే. వైరస్ ఉన్న రోజుల్లో ఎల్‌డీఎల్ తక్కువ ఉన్నా రక్తనాళాలకి రక్షణ దొరకలేదు. హెపటైటిస్ సి ఉన్నవాళ్ల మెడ ధమనుల్లో కొవ్వు పేరుకోవడం ఎక్కువగానే చూశారు, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకుండా కూడా ఈ వైరస్ చేస్తుంది. నయమైనవాళ్లలో గుండె జబ్బులు తగ్గాయని పెద్ద పెద్ద పరిశీలనల్లో తేలింది. కాబట్టి మొత్తం మీద లాభమే, 139ని గాలికి వదిలేయకుండా ఉంటే.

64 ఏళ్లు, బీపీ, బోర్డర్ షుగర్. మళ్లీ చేసే పరీక్షలోనూ ఇంతే ఉంటే మీ డాక్టర్ స్టాటిన్ రాసే అవకాశం ఉంది. రాస్తే భయపడొద్దు. లివర్ జబ్బు వచ్చింది కాబట్టి స్టాటిన్ వేసుకోకూడదనేది పాత భయం, సిరోసిస్ ముదిరిపోతే తప్ప అది అడ్డు కాదు. హెచ్‌సీవీ వచ్చినవాళ్లలో స్టాటిన్ వాడినవారికి సిరోసిస్, లివర్ క్యాన్సర్ తక్కువగా కనిపించాయి. అవి పరిశీలనలే, రుజువు అనలేం.

షుగర్ కూడా చూసుకోండి. వైరస్ పోయాక కొందరికి తగ్గుతుంది, షుగర్ మాత్రలు వాడేవాళ్లకి డోసు తగ్గించాల్సి వస్తుంది కూడా. మిగిలిన గ్రేడ్ 1 కొవ్వు వైరస్‌ది కాకపోవచ్చు, అది నడుం చుట్టుకొలతది. అక్కడ మాత్రం నల్లేరు గారి వేపుళ్ల సలహా పనికొస్తుంది. ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కానింగ్) చేయించకపోతే ఒకసారి చేయించండి. మచ్చ ముదిరి ఉంటే వైరస్ పోయినా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పదు, జీనోటైప్ 3లో లివర్ క్యాన్సర్ ముప్పు మిగతావాటికంటే ఎక్కువ.

సాగరతీరం:
ఫైబ్రోస్కాన్ రిపోర్టు ఉంది సార్, 6.1 అని ఉంది. ఇంకో సందేహం. శుక్లం ఆపరేషన్ ఇంకా మిగిలే ఉంది. మళ్లీ ఆ రక్తపరీక్షలో పాజిటివ్ వస్తే ఆపరేషన్ చేయరేమో అని నాన్న భయం.

లివర్‌వార్డు:
6.1 అంటే మచ్చ పెద్దగా లేనట్టే, నిశ్చింతగా ఉండండి. యాంటీబాడీ కార్డు టెస్టులో గీత పడుతుంది, అది చాలా ఏళ్లు అలాగే ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ నెగటివ్ రిపోర్టు జిరాక్స్, కోర్సు పూర్తయిన కాగితం కంటి ఆసుపత్రిలో ముందే చూపించండి. అసలు పాజిటివ్ ఉన్నా ఆపరేషన్ నిరాకరించకూడదు, జాగ్రత్తలతో చేయాలి. అక్కడ ఎవరైనా పేచీ పెడితే మీ లివర్ డాక్టర్ దగ్గర ఒక చీటీ రాయించుకోండి.

మాత్రలమల్లన్న:
ఆ రిపోర్టు ఫొటో ఫోన్‌లో కూడా పెట్టుకోండి. జిరాక్స్ కాగితాలు సరిగ్గా కావాల్సినప్పుడే కనపడవు.